సిపాయి భుజముపై నొక వీశె

కావడి బరువు మోయువానికే తెలియునని మన పల్లెలలో సామెత. రాజధానులలో బల్లల చుట్టును గూర్చుండి సైన్యమునకు తుపాకి నెన్నుకొనువారు ఈ సామెతను మరచిన సందర్భములు పెక్కులు గలవు. తుపాకి యెంత దూరము కొట్టును, ఎంత మందమైన కవచమును చీల్చును, ఎంత వెల పడును అను ప్రశ్నలు మొదట వచ్చును. దానిని రాత్రింబగళ్లు భుజమున వేసికొని కొండలెక్కువాని మాట కడపట వచ్చును. ఒక్కొక్కప్పుడు రానే రాదు. భారతదేశము 2019 మొదలుకొని తన పదాతి సైన్యము చేతి తుపాకిని మరల మార్చుకొనుచున్నది. చిన్న తూటాను విడిచి పెద్ద తూటాకు మరలుట ఈ మార్పులో ముఖ్య భాగము. ఇది నిపుణులకు మాత్రమే చెందిన సంగతియని పాఠకులు తలపరాదు. ఆ తుపాకి మోయువాడు మన గ్రామముల బిడ్డ. దాని వెల చెల్లించునది మన పన్ను. కనుక ఈ బరువును మనమును ఒకమారు త్రాసున వేసి చూచుట యుక్తము.

ముందుగా పేర్ల మాట. మీట నొక్కినపుడెల్ల ఒక్క గుండు వెడలి, వాడిన తూటా డొల్ల బయటపడి, తరువాతి తూటా దానంతట నదియే గొట్టములోనికి వచ్చి కూర్చుండు తుపాకిని అర్ధస్వయంచాలక రైఫిలందురు. పాతకాలపు తుపాకిలో సిపాయి ప్రతి గుండునకును చేతితో బోల్టును వెనుకకు లాగి ముందునకు త్రోయవలసియుండెను. ఇందు ఆ పనిని మందు మండగా పుట్టిన వాయువే చేయును. ఈ రైఫిళ్లలో రెండు జాతులు గలవు. 5.56 మిల్లీమీటర్ల సన్నని తూటా కొరకు గట్టినవి చిన్న చట్రపువి, 7.62 మిల్లీమీటర్ల వ్యాసమును, 51 మిల్లీమీటర్ల డొల్లయును గల తూటా కొరకు గట్టినవి పెద్ద చట్రపువి. చట్రమనగా బోల్టును, మీట యంత్రమును, మేగజీను నోటిని ఇముడ్చుకొను నడిమి భాగము. ఈ రెంటి బరువులలోని భేద మెంత, ఆ భేద మెచ్చటినుండి వచ్చుచున్నది, దాని వలన నష్టపడువా డెవ్వడు అనునవియే నేటి మా ప్రశ్నలు.

తులమును, వీశెయును

మెట్రిక్ తూకములు వచ్చి మన పాత తూకములు అంగడినుండి తొలగిపోయినవి. అయినను ఈ లెక్కకు అవియే చక్కగా నమరినవి. చిన్న తూటా బరువు సుమారు 12 గ్రాములు. అనగా ఇంచుమించు ఒక తులము. పెద్ద తూటా బరువు సుమారు 24 గ్రాములు. అనగా రెండు తులములు. చిన్న చట్రపు రైఫిళ్లలో ప్రసిద్ధమైన అమెరికా ఎం. 16 మొదటి రూపము తూటాలు లేకుండ సుమారు 2.9 కిలోగ్రాములు, అనగా రెండు వీశెలకు రవంత హెచ్చు. పెద్ద చట్రపు రైఫిళ్లలో మన సైన్యము దశాబ్దముల పాటు మోసిన సెల్ఫు లోడింగు రైఫిలు 4.25 కిలోగ్రాములకు పైబడినది. అనగా మూడు వీశెలు. తూటా తులమైనచోట తుపాకి రెండు వీశెలు. తూటా రెండు తులములైనచోట తుపాకి మూడు వీశెలు. ఈ ఒక్క సూత్రమును జ్ఞాపకముంచుకొన్నవారికి మిగిలిన వాదమంతయు సులభముగ బోధపడును.

వీశె యెక్కువయైన నేమి, బలిష్ఠుడైన యువకునకు అదియొక బరువా యని కొందరు నవ్వవచ్చును. వారు తుపాకిని మాత్రమే తూచుచున్నారు. సిపాయి తుపాకితో పాటు తూటాలను మోయును. వీశెకు 120 తులములు గదా. అతనికి తుపాకికిని తూటాలకును గలిపి ఆరు వీశెల బరువు నిర్ణయించితి మనుకొందము. పెద్ద చట్రము గలవానికి తుపాకి పోగా మూడు వీశెలు మిగులును. వీశెకు 60 తూటాల చొప్పున 180 తూటాలు. చిన్న చట్రము గలవానికి నాలుగు వీశెలు మిగులును. వీశెకు 120 చొప్పున 480 తూటాలు. మేగజీను డబ్బాల బరువును చేర్చినచో ఇద్దరి సంఖ్యలును తగ్గును గాని నిష్పత్తి మాత్రము పెద్ద తుపాకికి అనుకూలముగ మారదు. ఏలయన ఇనుప రేకుతో చేసిన పెద్ద మేగజీను ఒట్టిదే పావు కిలోగ్రాము తూగును. కనుక అంగడి త్రాసుమీద ఒక వీశెగా గనబడిన భేదము యుద్ధరంగమున మూడువందల తూటాల భేదమగుచున్నది. ఒకే యెత్తు మూటతో బయలుదేరిన ఇద్దరిలో ఒకని సంచి ఖాళీయైన తరువాత రెండవవాని సంచిలో సగముకంటె నెక్కువ మిగిలియుండును.

బరువునకు మూలము

చట్రమేల పెరుగును? తయారుచేయువారు లోహమును వృథాగ పోయుట చేతనా? కాదు. మూలము తూటాయే. తూటా పొడవు చిన్నదానిలో 57 మిల్లీమీటర్లు, పెద్దదానిలో 71. ఆ పొడవునకు తగినట్లు మేగజీను నోరు పెరుగవలెను. డొల్లను వెనుకకు లాగి బయటికి విసరుటకు బోల్టు ఎక్కువ దూరము నడువవలెను. అది నడచు దారి పొడవు కావలెను. అంతకు మించిన కారణము మరియొకటి గలదు. మందు మండినపుడు డొల్ల అడుగు బోల్టును వెనుకకు త్రోయును. చిన్న తూటా అడుగు వ్యాసము 9.6 మిల్లీమీటర్లు, పెద్దదానిది 12. వ్యాసములో భేదము స్వల్పముగ దోచినను వైశాల్యములో అది ఒకటికి ఒకటిన్నర పైచిలు కగును. వాయువుల ఒత్తిడి రెంటిలోను ఇంచుమించు సమానము గనుక బోల్టుమీద పడు త్రోపు కూడ ఒకటిన్నర రెట్లకు మించును. దానిని నిలుపుటకు బోల్టు పండ్లు లావు కావలెను. ఆ పండ్లు పట్టుకొను గూడు లావు కావలెను. గొట్టపు మొదలు లావు కావలెను. ఇట్లు తూటాకు జేరిన ఒక తులము తుపాకిలోని ప్రతి అంగమును పెంచుకొనుచు బోయి తుదకు వీశెయై తేలును.

బరువును తగ్గింప బూనిన మేధావులు లేకపోలేదు. వారిలో అగ్రగణ్యుడు అమెరికా దేశీయుడైన యూజీన్ స్టోనరు. ఆర్మలైటు అను సంస్థలో ఇతడు 1950 దశకమున ఏ.ఆర్. 10 అను పెద్ద చట్రపు రైఫిలును నిర్మించెను. అంతకు పూర్వపు రైఫిళ్లలో పెక్కింటి యందు బోల్టు చట్రమునకే బిగియుచుండెను గనుక చట్రము ఉక్కుతో చేయక తప్పదయ్యెను. స్టోనరు పద్ధతిలో బోల్టు గొట్టపు మొదట నమర్చిన ఉక్కు గూటిలోనే బిగియును. ప్రేలుడు భారము చట్రముమీద పడదు. కనుక చట్రమును విమానములలో వాడు అల్యూమినియపు మిశ్రలోహముతో చేయుటకు వీలు కలిగెను. వాయువు త్రోయవలసిన ఉక్కు కడ్డీని గూడ తీసివేసి, సన్నని నాళము గుండ వాయువునే బోల్టు పీఠములోనికి పంపెను. కొయ్య మడమకు బదులు ప్లాస్టికు మడమ పెట్టెను. ఇట్లు పెద్ద తూటాను కాల్చు తుపాకియే మూడున్నర కిలోగ్రాములకు లోపునకు దిగివచ్చెను.

అయితే ఆశకు మేర యుండవలెను గదా. గొట్టమును గూడ తేలిక చేయ నెంచి సన్నని ఉక్కు గొట్టమునకు అల్యూమినియపు తొడుగు వేసి పరీక్షకు పంపిరి. 1957 ఆరంభమున స్ప్రింగుఫీల్డు ఆయుధశాలలో జరిగిన కఠినపరీక్షలో ఆ గొట్టము పగిలిపోయెను. ఉక్కు గొట్టము పెట్టి దోషము దిద్దుకొనునప్పటికి అవకాశము చేయిజారెను; ఆ సంవత్సరమే అమెరికా సైన్యము కొయ్య మడమయు ఉక్కు చట్రమును గల ఎం. 14ను స్వీకరించెను. అది నాలుగు కిలోగ్రాములకు పైబడినది. అక్కరలేని బరువును నేర్పరితనముచే తీసివేయవచ్చును. అక్కరయైన బరువును దొంగిలింపరాదు అను నీతి ఈ కథలో నున్నది.

తేలికకు మరియొక హద్దు గలదు. గుండు ముందునకు పోవు వేగమునకు ప్రతిగా తుపాకి మడమ భుజమును తన్నును. తుపాకి బరువైనకొలది ఆ తన్ను మెత్తబడును, తేలికయైనకొలది ఉగ్రమగును. పెద్ద తూటాను రెండు వీశెల తుపాకిలో కాల్చినచో మోయుటలో దక్కిన సుఖమును భుజమే నష్టపడును. రెండవ గుండును గురిమీదికి తెచ్చుటకు జాగగును. చిన్న తూటా తన్ను పెద్దదానిలో సగముకంటె తక్కువ గనుక రెండు వీశెల తుపాకి దానికి చాలును. కావుననే చట్రము, తూటా, భుజము అను మూడును ఒక్క గొలుసు కడియములు. ఒకదానిని లాగినచో తక్కిన రెండును కదలక మానవు.

పెద్ద దేశముల మొండిపట్టు

ఈ సత్యము నిన్న నేడు కనుగొన్నది గాదు. అమెరికాలో గారండు అను యంత్రశిల్పి తన అర్ధస్వయంచాలక రైఫిలును మొదట .276 అంగుళముల చిన్న తూటాకు తగినట్లు సిద్ధపరచెను. 1932లో సర్వసేనాధ్యక్షుడైన మెకార్థరు దానిని నిరాకరించి పాత .30 తూటాయే యుండవలెనని యాజ్ఞాపించెను. కొట్లలో ఆ పాత తూటాలు కుప్పలుగా నిలువయుండుట దీనికొక ముఖ్య కారణము. 1936లో స్వీకృతమైన గారండు రైఫిలు 4.3 కిలోగ్రాములు తూగినది. మరల నదే మూడు వీశెలు. రెండవ ప్రపంచయుద్ధమున దానిని మోయలేని విధులయందున్న వారి కొరకు 1941లో 2.4 కిలోగ్రాముల కార్బైనును వేరుగ నిర్మింపవలసి వచ్చెను. యుద్ధానంతరమున ఆంగ్లేయులు మధ్యరకమగు .280 తూటాను ప్రతిపాదింపగా అమెరికా సమ్మతింపలేదు, 1954లో 7.62 తూటాయే ఆ కూటమికంతకును ప్రమాణమైనది. మనము ఆ కూటమిలో జేరకయే ఆ తూటాను చేకొంటిమి.

ప్రమాణమును విధించిన దేశమే దానిని మొదట విడిచిపెట్టెను. 1957లో అమెరికా సేనాని వైమను, తూటాలతో నిండియున్నను ఆరు పౌనులకు మించని రైఫిలు కావలెనని కోరెను. స్టోనరు పెద్ద రైఫిలును అతని సహచరులు సల్లివనును ఫ్రీమాంటును చిన్న తూటా కొలతకు కుదించిరి. అదియే ఏ.ఆర్. 15, సైన్యమున ఎం. 16. ఒకే శిల్పము నుండి పుట్టిన పెద్దదియు చిన్నదియు నగుటచే ఈ రెండు తుపాకులు మన తులనకు మిక్కిలి తగినవి. వియత్నాము అడవులలో సిపాయికి మోయగలిగిన తూటాల సంఖ్య పెరిగెను. కాని తేలికదనమొక్కటే రక్షింపలేదు. తూటాలలోని మందును మార్చుట, గొట్టపు గదికి క్రోమియపు పూత లేకపోవుట, శుభ్రపరచు సామగ్రి చాలకపోవుట చేత 1966, 1967 సంవత్సరములలో ఆ తుపాకులు యుద్ధమధ్యమున బిగిసిపోయినవి. సిపాయిలు ప్రాణములు గోల్పోయిరి. అమెరికా ప్రతినిధి సభ ఉపసంఘము విచారించి సైనిక యంత్రాంగమును తీవ్రముగ గర్హించెను. వారి ప్రజాప్రతినిధులు తుపాకి గొట్టమువరకు పోయి ప్రశ్నించిరి. ఇది మనము గమనింపదగిన విషయము.

మన సిపాయి మోసిన తుపాకులు

ఇక మన ఇంటి సంగతి. స్వతంత్రము వచ్చునాటికి మన సిపాయి చేతనున్నది ఆంగ్లేయుల .303 రైఫిలు, సుమారు నాలుగు కిలోగ్రాముల బరువు, గుండు గుండునకు చేతితో బోల్టు లాగవలసినది. 1962లో హిమాలయములలో అర్ధస్వయంచాలక కార్బైనులు ధరించిన చీనా సైన్యము నెదుట మనవారు దానితోనే నిలిచిరి. అనంతరము బెల్జియము నమూనా ననుసరించి ఇషాపురపు కర్మాగారమున నిర్మించిన సెల్ఫు లోడింగు రైఫిలు వచ్చెను. అది దృఢమైనది, దూరము కొట్టునది; 1965, 1971 యుద్ధములు దానితో జరిగినవి. కాని దాని బరువు మూడు వీశెలు. పొడవు గజమును మించినది. 1987 మొదలు 1990 వరకు శ్రీలంకలో శాంతిసేనగా బోయిన మన సిపాయిలు పొదలలోను ఇరుకు వీధులలోను పొట్టి ఏ.కె. తుపాకులవారిని ఎదుర్కొనవలసినపుడు ఆ బరువు, ఆ పొడవు ఎట్టి ఆటంకములో అనుభవమునకు వచ్చెను.

ఆ పిమ్మట 1990 దశకమున 5.56 తూటాతో ఇన్సాసు రైఫిలు వచ్చెను. ఇది మనవారి నిర్మాణము. స్వదేశీయమను మాట విన్నంతనే ఉప్పొంగు హృదయము మాదియును. అయినను సత్యము చెప్పవలెను. తూటా తులమునకు దిగెను గాని తుపాకి రెండు వీశెలకు దిగలేదు. ఒట్టి రైఫిలే నాలుగు కిలోగ్రాములకు పైబడినది. ఉక్కు రేకు చట్రము, వాయువు త్రోయు ఉక్కు కడ్డీ, పొడవైన గొట్టము కలిసి పెద్ద చట్రపు బరువును చిన్న తూటా నెత్తిన బెట్టినవి. తూటా సంచిలో లాభము దక్కెను; భుజమునకు లాభము దక్కలేదు. 1999లో కార్గిలు శిఖరములపై చలికి దాని ప్లాస్టికు మేగజీనులు పగిలినవని వార్తలు వచ్చెను. చిన్న చట్రమను పేరొక్కటే తేలికను కలిగింపదని దీనివలన తేటపడుచున్నది. నేడు అమెరికా అంగళ్లలో లభించు రైఫిళ్లలో గూడ లావు గొట్టము, దూరదర్శిని, రెండు కాళ్ల ఆధారము తగిలించుకొన్న చిన్న చట్రము నాలుగు కిలోగ్రాములు దాటుచుండగా, సన్నని గొట్టము గల పెద్ద చట్రము అంతకు తక్కువ తూగుట గలదు. పేరును గాక త్రాసును నమ్మవలెను.

ఇన్సాసు స్థానమున నేడు రెండు రకములు వచ్చుచున్నవి. సరిహద్దుదళముల కొరకు 2019 ఫిబ్రవరిలో అమెరికా సిగ్ సంస్థ నుండి 72,400 పెద్ద చట్రపు రైఫిళ్లకు ఒడంబడిక జరిగెను. 2024లో మరి 73,000 కోరబడినవి. ఇవి నాలుగు కిలోగ్రాములకు కొంచెము లోపు. తూటా మరల రెండు తులములు. తక్కిన సైన్యము కొరకు ఆరు లక్షలకు పైగా ఏ.కె. 203 రైఫిళ్లను రష్యా సహకారముతో ఉత్తరప్రదేశమునందలి అమేథీ జిల్లా కోర్వాలో నిర్మించుటకు 2021 డిసెంబరులో ఒడంబడిక కుదిరెను. దానిది మధ్యరకపు తూటా, దాదాపు తులమున్నర, తుపాకి 3.8 కిలోగ్రాములు.

పెద్ద తూటావారి వాదము

పెద్ద తూటాకు మరలుట కారణములేని పని యని మేము చెప్పుట లేదు. వారి వాదమునందు బలము గలదు. కాశ్మీరు కొండలలో ఒక చరియనుండి మరియొక చరియకు ఐదారువందల మీటర్ల దూరమున కాల్చవలసివచ్చును. చిన్న గుండు మూడున్నర, నాలుగు గ్రాములు మాత్రమే; పెద్ద గుండు తొమ్మిదిన్నర. గొట్టము విడుచునపుడే పెద్దదాని శక్తి ఇంచుమించు రెండింతలు. దూరము పోయినకొలది గాలి చిన్నదానిని ఎక్కువగ ప్రక్కకు త్రోయును. చావునకు తెగించి వచ్చిన ఉగ్రవాది చిన్న గుండు తగిలినను కూలక ఎదురు కాల్చుచున్నాడని అనుభవజ్ఞులు చెప్పుదురు. కవచములు ధరించు శత్రువు నేడు సర్వసామాన్యుడు. అమెరికా గూడ ఈ కారణములచేతనే 2022 ఏప్రిలులో 6.8 మిల్లీమీటర్ల క్రొత్త తూటాను, దానికి తగిన పెద్ద రైఫిలును ఎన్నుకొనెను.

కాని ఆ యెన్నికకు వారు చెల్లించిన వెలను గూడ చూడవలెను. పాత ఎం. 4 కార్బైను మూడు కిలోగ్రాములకు లోపు. క్రొత్త రైఫిలు ధ్వనిని అణచు గొట్టముతో గూడ 4.4 కిలోగ్రాములను దాటినది. పాత తుపాకితో సిపాయి 210 తూటాలు మోయుచుండగా క్రొత్తదానితో 140 మాత్రమే మోయును. తూటాలలో మూడవ వంతు పోయెను. అయినను మూట మొత్తము పెరిగెను. ఆ దేశము తన సిపాయిని బండ్లలోను గాలిమరల విమానములలోను యుద్ధస్థలము చేరువకు దింపగలదు. మన సిపాయి పెక్కుచోట్ల నడచియే పోవలెను. ధనికుని లెక్క మనకు చెల్లునా?

పందొమ్మిదవ శతాబ్దపు కడపట బెర్లిను సైనిక వైద్యులు సిపాయిలకు మూటలు కట్టి నడిపించి పరిశీలించిరి. చల్లని వాతావరణమున సుమారు 22 కిలోగ్రాముల వరకు శరీరము ఓర్చుకొనెను. ఎండలో ఆ బరువే వికారము కలిగించెను. 31 కిలోగ్రాములతో నడచినవాడు చల్లని దినమున గూడ మరునాటికి తేరుకొనలేదు. 22 కిలోగ్రాములనగా మన రెండు మణుగులు. మధ్యమ శరీరము గల యువకుని బరువులో నిది మూడవ వంతు. నీరు, తిండి, కవచము, శిరస్త్రాణము, ఉన్ని బట్టలు, తంతిలేని వార్తాయంత్రము అన్నియు నా రెండు మణుగులలోనే ఇమిడవలెను. థారు ఎడారిలో ఎండ, అస్సాము అడవులలో ఉక్క మనకు నిత్యము. ఐదున్నర వేల మీటర్ల యెత్తున వాయువు ఒత్తిడి సముద్రతీరమునందలి దానిలో సగమే. సియాచినులో మన కావలివారు అట్టి యెత్తులలోనే నిలుచుచున్నారు. అచ్చట వీశె వీశెగా నుండదు. ప్రతి అడుగునకు ఊపిరితో పన్ను చెల్లింపవలెను. అలసిన చేయి వణకును. వణకిన చేతిలో ఎంత దూరము కొట్టు తుపాకియైనను గురి తప్పును. పెద్ద తూటా ఇచ్చు దూరమును దాని బరువే హరింపగలదని దీని యర్థము.

ఏమి చేయవలెను?

మా అభిప్రాయము స్పష్టము. అందరికి నొకటే తుపాకి యను నియమము పాలకులకు సుఖము; సిపాయికి గాదు. కొండచరియపై కావలియుండి దూరము కాల్చువానికి పెద్ద చట్రము ఉండవలసినదే. గాలింపునకు దినమెల్ల నడచువానికి, వార్తాయంత్రము మోయువానికి, గాయపడినవానిని ఎత్తుకొనివచ్చువానికి తేలికయైనది యుండవలెను. ఒకే దళమున రెండు తూటాలున్న సరఫరా చిక్కగునను ఆక్షేపణ సత్యమే; ఆపత్కాలమున ఒకడు మరియొకనికి తూటా లీయలేడు. ఆ చిక్కును కార్యాలయములు భరింపవలెను. ఎవరి పనికి ఏది తగునో విచారింపక అందరి భుజములమీదను ఒకే బరువు పెట్టుట, తాము లెక్కలతో తీర్చుకొనదగిన చిక్కును సిపాయి వెన్నుమీదికి నెట్టుటయే యగును.

రెండవది: తుపాకి కొనునపుడు ఒట్టి తుపాకి బరువును గాక, నిండిన మేగజీనులు, దూరదర్శిని, త్రాడు, సమస్త పరికరములతో గూడిన మొత్తము బరువును ప్రమాణముగ నెంచవలెను. ఒట్టి తుపాకిని తేలికగ చూపి తరువాత ఒక్కొక్క పరికరము తగిలించుట వరకట్నము లేదని చెప్పి లాంఛనములు కోరుట వంటిది. మూడవది: పరీక్ష చదును నేలమీది చాందమారితో ముగియరాదు. మంచులోను, ఇసుకలోను, వానలోను సామాన్య సిపాయిలచే వారములకొలది మోయించి, కాల్పించి, వారి మాట వ్రాతమూలముగ తీసికొనవలెను. ఆ పరీక్షల సారాంశము, రహస్యము కానంతవరకు, పార్లమెంటు ముందుంచవలెను.

నాలుగవది స్వదేశీ నిర్మాణము. 2024 జనవరిలో పూనాలోని ప్రభుత్వ ఆయుధ పరిశోధనశాలయు, మన హైదరాబాదునందలి ఒక ప్రైవేటు సంస్థయు గలిసి నిర్మించిన “ఉగ్రం” అను 7.62 రైఫిలు బయటపెట్టబడినది. నూరు దినములకు లోపుగ సిద్ధమైనదనియు, బరువు నాలుగు కిలోగ్రాములకు లోపనియు, ఐదువందల మీటర్లు కొట్టుననియు ప్రకటించిరి. తెలుగు నేలమీది కమ్మరుల వంశము ఇంకను ఇనుమును మరువలేదని మేము సంతసించుచున్నాము. కాని ఇన్సాసు నేర్పిన పాఠమును గూడ మరువరాదు. మనదియను అభిమానము బరువును తగ్గింపదు. విదేశీయ తుపాకిని ఏ త్రాసున తూతుమో స్వదేశీయమును ఆ త్రాసుననే తూచి, అది నెగ్గినపుడు నిస్సంకోచముగ కొనవలెను; నెగ్గనపుడు నిస్సంకోచముగ త్రిప్పిపంపవలెను. స్వదేశీ వ్రతమునకు ఇంతకంటె గొప్ప గౌరవము లేదు.

1878 నాటి ఆయుధశాసనముతో పరాయి ప్రభుత్వము ఈ దేశ ప్రజల చేతులను ఒట్టివి చేసినపుడు, మన సిపాయి యేమి మోయవలెనో వారే నిర్ణయించిరి. నేడు నిర్ణయము మనది. సిపాయికి బరువు తప్పదు. దేశమును గాచువాడు బరువునకు జంకువాడును గాడు. అతడు కోరునది ఒక్కటే: తన భుజమున బెట్టిన ప్రతి వీశెకును తగిన కారణ ముండవలెను. కారణము చూపలేని వీశెను ఎవరు వేసిరో వారే దింపవలెను.